ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు

మార్పులు చేయించిన పాత బండ్ల క్లచ్ గురించి వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. మొదటి ప్రశ్నకు జవాబు పొడుగైంది. మిగతా వాటిలో చాలావాటికి అందులోనే సగం సమాధానం ఉంది కాబట్టి అది ముందు చదవండి.

ప్రశ్న: నాది 2003 మోడల్ మారుతి జిప్సీ. దాని 1.3 ఇంజన్ తీయించి, సెకండ్ హ్యాండ్ బలెనో 1.6 ఇంజన్ పెట్టించాను. టైర్లు కూడా 235/75 ఆర్15 వేయించాను. ఊళ్లో తిరిగినంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. అరకు వెళ్లేటప్పుడు శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ సగం ఎక్కేసరికి, మూడో గేరులో గట్టిగా యాక్సిలరేటర్ ఇస్తే ఇంజన్ అరుస్తుంది గానీ బండి వేగం అందుకోదు. కాలిన వాసన కూడా వస్తోంది. క్లచ్ ప్లేటు మార్పిస్తే 3,000 కిలోమీటర్లకే మళ్లీ అదే కథ. మెకానిక్ మళ్లీ ప్లేటు మార్చాలంటున్నాడు. స్నేహితులు రేసింగ్ ప్లేటు వేయించమంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా వినకండి. మామూలుగా నడిపే బండిలో 3,000 కిలోమీటర్లకు క్లచ్ ప్లేటు అరిగిపోదు. కాలిపోతుంది, లేదా ఆయిల్ పడి పాడవుతుంది. అంటే దాన్ని పాడుచేస్తున్నది ఇంకేదో ఉంది. అది దొరక్కుండా ఎన్ని ప్లేట్లు వేసినా ఫలితం ఒకటే. గేర్‌బాక్స్ దించకుండానే చూడగలిగినవి ముందు చూద్దాం.

మొదట పెడల్. ఇంజన్ ఆపి, పెడల్‌ను కాలితో కాకుండా చేత్తో నొక్కండి. బరువు తగిలేలోపు పెడల్ ఎంత దిగుతుందో స్కేలు పెట్టి కొలవండి. 20 నుంచి 30 మి.మీ. ఉండాలి. ఆ ఖాళీ లేకపోతే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ను విడదీసే బేరింగ్) ఎప్పుడూ ప్రెజర్ ప్లేట్ (క్లచ్ ప్లేటును ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రానికి, అంటే ఫ్లైవీల్‌కు, అదిమి పట్టే భాగం) స్ప్రింగు వేళ్లను నొక్కుతూనే ఉంటుంది. మీరు పెడల్ మీద కాలు పెట్టకపోయినా బండి హాఫ్ క్లచ్‌లో నడుస్తున్నట్టే. ప్లేటు అరిగేకొద్దీ పెడల్ లూజవుతుందని చాలామంది అనుకుంటారు. కేబుల్ బండ్లలో జరిగేది దానికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. ప్లేటు పలచబడితే ప్రెజర్ ప్లేట్ వేళ్లు బేరింగ్ వైపు జరుగుతాయి, ఖాళీ తగ్గుతుంది. అందుకే కొత్త ప్లేటు వేశాక మొదటి 1,000 కిలోమీటర్లకు ఒకసారి, తర్వాత ప్రతి సర్వీసులో కేబుల్ చివరి నట్టు సరిచేయాలి. దీన్ని పట్టించుకోకపోవడం వల్లే పోయిన ప్లేట్లు చాలా ఉంటాయి.

రెండోది కేబుల్. గేర్‌బాక్స్ పక్కన అది లాగే క్లచ్ లివర్ దగ్గర ఊడదీసి లోపలి తీగను చేత్తో ముందుకూ వెనక్కూ లాగండి. ఎక్కడా పట్టేయకుండా జారాలి. మన విశాఖ ఉప్పు గాలికి కేబుల్ చివర్లు తుప్పు పట్టి, నొక్కినప్పుడు దిగినా వదిలినప్పుడు పూర్తిగా వెనక్కి రాకుండా ఉంటాయి. బీచ్ రోడ్డు పక్కన ఆరుబయట నిలిపే బండ్లలో ఇది మరీ ఎక్కువ. మీ విషయంలో ఇంకొకటి చూడాలి. ఇంజన్ మారినప్పుడు సైలెన్సర్ పైపు దారి మారుతుంది. అది కేబుల్‌కు దగ్గరగా వెళితే లోపలి ప్లాస్టిక్ పొర మెత్తబడి తీగను పట్టేస్తుంది. బండి చల్లగా ఉంటే బాగుండి, ఘాట్‌లో వేడెక్కాక మాత్రమే జారడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇక్కడే ఎర్త్ వైరు సంగతి. ఇంజన్ నుంచి ఛాసిస్‌కు ఒక లావు ఎర్త్ స్ట్రాప్ ఉంటుంది. ఇంజన్ మార్చినప్పుడు చాలాచోట్ల దాన్ని తిరిగి బిగించడం మరచిపోతారు, లేదా రంగు గీకకుండా బిగిస్తారు. అప్పుడు సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ స్టార్టర్ కరెంటు వెనక్కి వెళ్లడానికి క్లచ్ కేబుల్‌నే దారి చేసుకుంటుంది. కేబుల్ లోపల కాలి బిగుసుకుపోతుంది. కేబుల్ పదేపదే పోతున్నా, సెల్ఫ్ కొట్టాక చేత్తో తాకితే వేడిగా ఉన్నా ముందు ఈ స్ట్రాప్ చూడండి. వందల్లో పోయే పని, వేలల్లోకి వెళ్లకుండా ఆగుతుంది.

ఈ రెండూ సరిగ్గా ఉంటే అసలు జారుతోందా అన్నది తేల్చుకోండి. సింహాచలం కొండ దారిలాంటి ఎత్తులో, వెనక బండ్లు లేనప్పుడు, ఇంజన్ బాగా వేడెక్కాక నాలుగో గేరులో 40 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారిగా పూర్తి యాక్సిలరేటర్ ఇవ్వండి. ఆర్‌పీఎం ముందు లేచి, వేగం తర్వాత రావడమో, అసలు రాకపోవడమో జరిగితే క్లచ్ జారుతున్నట్టే. ఆర్‌పీఎం, వేగం రెండూ కలిసి నెమ్మదిగా పెరిగితే అది క్లచ్ లోపం కాదు. ఇంజన్‌లో పవర్ లేదు, దారి వేరు. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టి, మూడో గేరులో క్లచ్ వదిలి ఇంజన్ ఆగుతుందో లేదో చూసే పద్ధతి కూడా ఉంది. ఒక్కసారి చేస్తే చాలు. నాలుగుసార్లు చేస్తే బాగున్న ప్లేటు కూడా మాడిపోతుంది.

ఇక బండి కిందికి వెళ్లి బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉండే గంట ఆకారపు డొక్కు) అడుగున చూడండి. తడి ఉంటే వేలితో తీసి వాసన చూడండి. నల్లగా, పలచగా ఉంటే ఇంజన్ ఆయిల్, అంటే క్రాంక్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన షాఫ్ట్) వెనక ఆయిల్ సీల్ లీకు. చిక్కగా, గంధకం కంపు కొడితే గేర్ ఆయిల్, అంటే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ లీకు. సెకండ్ హ్యాండ్ ఇంజన్ తెచ్చి పెట్టినప్పుడు 'లీకు లేదు కదా' అని పాత క్రాంక్ సీల్‌నే ఉంచేయడం మామూలే. గోడౌన్‌లో నెలల తరబడి ఎండిన సీల్, ఇంజన్ వేడెక్కగానే కారడం మొదలుపెడుతుంది. ఆయిల్ తాగిన ప్లేటును పెట్రోలుతో కడిగినా, బ్రేక్ క్లీనర్ కొట్టినా లాభం లేదు. ఫేసింగ్ (ప్లేటు మీది రాపిడి పొర) లోపలికి ఇంకిన నూనె మళ్లీ వేడికి పైకి వస్తుంది. సీల్‌తో పాటు ప్లేటూ మార్చాల్సిందే.

ఇప్పటిదాకా చెప్పినవేవీ దొరక్కపోతే లెక్క దగ్గరికి రావాలి. మీ ఉత్తరం చదివితే అసలు దోషం ఇక్కడే ఉందనిపిస్తోంది. మెకానిక్ ప్లేటు మార్చాడన్నారు గానీ ప్రెజర్ ప్లేట్ మార్చినట్టు రాయలేదు.

క్లచ్ ఎంత టార్క్ (తిప్పే బలం) మోయగలదో తెలియాలంటే నాలుగు అంకెలు గుణించాలి: ప్లేటుకున్న రెండు ముఖాలు, ఫేసింగ్ రాపిడి గుణకం, ప్రెజర్ ప్లేట్ నొక్కే బలం, ఫేసింగ్ సగటు వ్యాసార్థం. ఉదాహరణకు బలం 4,000 న్యూటన్లు (దాదాపు 400 కిలోల బరువు), గుణకం 0.27, వ్యాసార్థం 80 మి.మీ. అనుకుందాం. 2 × 0.27 × 4,000 × 0.08 చేస్తే 173 న్యూటన్ మీటర్లు వస్తుంది. జిప్సీ 1.3 ఎంపీఎఫ్‌ఐ ఇంజన్ ఇచ్చే గరిష్ఠ టార్క్ 103. బలెనో 1.6 ఇచ్చేది 130 దరిదాపు. కాబట్టి కొత్త సెట్ రెండింటినీ మోస్తుంది.

పాత ప్రెజర్ ప్లేట్ స్ప్రింగు వేడి తిని 20 శాతం బలం కోల్పోయిందనుకోండి. 4,000 కాస్తా 3,200 అవుతుంది. చల్లగా ఉన్నప్పుడు లెక్క 138 వస్తుంది, అంటే 130ని అంచు మీద మోస్తోంది. ఊళ్లో మీకు తేడా తెలియకపోవడం అందుకే. ఘాట్ ఎక్కుతూ ఫేసింగ్ బాగా వేడెక్కితే గుణకం 0.22కి పడిందనుకుందాం. లెక్క 113కి వస్తుంది. పాత 1.3 ఇంజన్ ఉంటే 103 కాబట్టి అప్పుడు కూడా జారేది కాదు. ఇప్పుడు 130 వచ్చి పడుతోంది, జారక తప్పదు. ఒకసారి జారడం మొదలైతే వేడి పెరుగుతుంది, వేడికి పట్టు ఇంకా తగ్గుతుంది, నిమిషాల్లో ప్లేటు మాడుతుంది. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి వేసినవి, మీ సెట్‌వి కొద్దిగా అటూ ఇటూ ఉంటాయి. జరుగుతున్నది మాత్రం ఇదే.

టైర్ల పాత్ర వేరు. అసలు 205/70 ఆర్15 టైరు ఎత్తు 668 మి.మీ. మీరు వేసినది 733 మి.మీ. పైచిలుకు, దాదాపు 10 శాతం ఎక్కువ. దీనివల్ల ఇంజన్ టార్క్ పెరగదు కాబట్టి నడుస్తుండగా జారడానికి టైర్లు నేరుగా కారణం కావు. కానీ ఆగిన చోటు నుంచి కదిలే ప్రతిసారీ క్లచ్ ఎక్కువసేపు రాపిడి పడుతుంది. అప్పుడు పుట్టే వేడి టైరు ఎత్తు నిష్పత్తికి వర్గంగా పెరుగుతుంది. 1.1ని 1.1తో గుణిస్తే 1.21, అంటే సుమారు 20 శాతం ఎక్కువ వేడి. అది ఎత్తులో బయల్దేరేటప్పుడైతే ఇంకా ఎక్కువ.

రేసింగ్ ప్లేటు, అదే సెరామిక్ బటన్ ప్లేటు మీకు వద్దు. దాని పట్టు ఎక్కువే, వేడికీ తట్టుకుంటుంది. కానీ అది పట్టేస్తుంది లేదా వదిలేస్తుంది, మధ్యస్థం ఉండదు. ఎన్‌ఏడీ కూడలి దగ్గర బండి బండికీ మధ్య అడుగులో అడుగు వేస్తూ వెళ్లేటప్పుడు ప్రతిసారీ కుదుపే. ఆ కుదుపు యూనివర్సల్ జాయింట్ల మీదా గేర్‌బాక్స్ మౌంటింగ్ మీదా పడుతుంది, ఫ్లైవీల్‌నూ గీరేస్తుంది. బురదలో పందేలకు పోయే బండికి అది సరే. మీకు కావలసింది మామూలు ఆర్గానిక్ ఫేసింగ్ ఉన్న కొత్త ప్లేటు, దాంతో పాటు 20 నుంచి 25 శాతం ఎక్కువ బలం ఉన్న కొత్త ప్రెజర్ ప్లేట్. అది దొరక్కపోతే కంపెనీ కొత్త సెట్ చాలు. రీలైనింగ్ చేసిన (పాత ప్లేటుకే కొత్త ఫేసింగ్ వేసిన) ప్లేటు, పాత కవరుకు (ప్రెజర్ ప్లేట్, స్ప్రింగు కలిసి ఉండే భాగం) స్ప్రింగు వేళ్లు వంచి బలం తెచ్చామనే మాట — ఈ రెండింటినీ దగ్గరికి రానివ్వకండి. ఆ 25 శాతం కంటే బలమైన కవరు కూడా వద్దు. పెడల్ బరువెక్కి కేబుల్ తెగుతుంది. సిగ్నల్ దగ్గర పెడల్ తొక్కి పట్టుకుంటే ఆ తోపు క్రాంక్ థ్రస్ట్ వాషర్ల మీద పడుతుంది.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడాల్సినవి చెబుతాం. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు పవర్ పంచే పెట్టె) విడిగా ఉంటుంది కాబట్టి దాన్ని దించక్కర్లేదు. గేర్ ఆయిల్ వదిలి, మధ్యనున్న చిన్న షాఫ్ట్ తీసి, గేర్ లివరు, స్టార్టర్, కేబుల్, రివర్స్ లైటు వైరు ఊడదీసి గేర్‌బాక్స్ వెనక్కి లాగాలి. గేర్‌బాక్స్ బరువు క్లచ్ ప్లేటు హబ్ మీద వేలాడకుండా జాక్ మీద ఉంచాలి. వేలాడితే కొత్త ప్లేటు కూడా వంకరపోతుంది.

ఊడదీసిన ప్లేటును పారేయనివ్వకండి, మీరే చూడండి. రివెట్ తల ఫేసింగ్ కంటే 0.5 మి.మీ. కూడా లోతు లేకపోతే అరిగిందని. ఫేసింగ్ మందంగానే ఉండి అద్దంలా మెరుస్తుంటే కాలిందని. తడిగా, నల్లగా ఉంటే ఆయిల్ అని. ఒకవైపే అరిగితే వరస తప్పిందని. ఇంజన్ మార్చిన బండ్లలో ఈ చివరిది తరచూ కనబడుతుంది. ఇంజన్ బ్లాకుకూ బెల్ హౌసింగ్‌కూ మధ్య రెండు డవల్ పిన్నులు ఉంటాయి. అవి గేర్‌బాక్స్‌ను క్రాంక్ నడిమికి సరిగ్గా నిలబెడతాయి. సెకండ్ హ్యాండ్ ఇంజన్‌తో అవి చాలాసార్లు రావు. బోల్టులు ఎలాగూ పట్టేస్తాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అలా వదిలేస్తే ఇన్‌పుట్ షాఫ్ట్ పక్కకు ఉండిపోయి హబ్ స్ప్లైన్లూ (షాఫ్ట్ మీద కూర్చునే లోపలి పళ్లు), క్రాంక్ చివరి పైలట్ బేరింగూ పాడవుతాయి.

కొత్త సెట్‌లో ప్లేటు, కవరు, రిలీజ్ బేరింగ్ మూడూ ఒకేసారి మార్చాలి. పైలట్ బేరింగ్, క్రాంక్ సీల్, ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ కూడా ఇప్పుడే. గేర్‌బాక్స్ దించిన కూలితో పోలిస్తే వీటి ఖరీదు ఏపాటిది? ఫ్లైవీల్ ముఖం, కవరు ముఖం బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి, ఎందుకంటే కొత్త కవరుకు తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది. ప్లేటు మధ్యలో స్ప్రింగులున్న ఉబ్బెత్తు వైపు గేర్‌బాక్స్ వైపుకు రావాలి. స్ప్లైన్ల మీద గ్రీజు పలచటి పొర చాలు, ఎక్కువైతే తిరిగేటప్పుడు చిమ్మి ఫేసింగ్ మీద పడుతుంది. డమ్మీ షాఫ్ట్‌తో ప్లేటును నడిమికి తెచ్చి, కవరు బోల్టులు ఎదురెదురుగా, ఒక్కో విడత ఒక్కో చుట్టు చొప్పున బిగిస్తూ చివర టార్క్ రెంచ్‌తో 20 నుంచి 25 న్యూటన్ మీటర్లకు ఆపాలి. ఒకవైపు పూర్తిగా బిగించి రెండోవైపుకు వెళితే కవరు వంగుతుంది, తర్వాత క్లచ్ సరిగ్గా వదలదు.

మొదటి 500 కిలోమీటర్లు ఘాట్‌కు వెళ్లకండి, లోడు వేయకండి. ఊళ్లో ఆగుతూ కదులుతూ నడిస్తేనే ఫేసింగ్ ఫ్లైవీల్‌తో పొసుగుతుంది. ఘాట్‌లో బండి నిలబడాల్సి వస్తే హ్యాండ్ బ్రేక్ వాడండి, హాఫ్ క్లచ్ మీద ఆపకండి. మట్టి దారిలో, రాళ్ల ఎత్తులో 4ఎల్ (నాలుగు చక్రాలకూ పవర్ ఇచ్చే తక్కువ వేగపు గేరు) వేసుకుంటే క్లచ్ మీద భారం బాగా తగ్గుతుంది. పొడి తారు రోడ్డు మలుపుల్లో మాత్రం అది వాడకూడదు.

ప్రశ్న: ఆటోనగర్‌లో పని నేర్చుకుంటున్నాను సార్. క్లచ్ మార్చిన ప్రతిసారీ ఫ్లైవీల్ లేత్‌కు పంపాలా? ఎంత తీయించాలి?
— గాజువాక

జవాబు: ప్రతిసారీ అక్కర్లేదు. గోరు తగిలే గీతలున్నా, నీలి మచ్చలు పడినా, చిన్న పగుళ్లున్నా పంపు. డయల్ గేజ్ పెట్టి తిప్పితే అంచు దగ్గర 0.2 మి.మీ. కంటే ఎక్కువ ఊగినా పంపు. నీలి మచ్చ అంటే అక్కడ ఇనుము గట్టిపడింది. కొత్త ప్లేటు వేశాక బండి కదిలేటప్పుడు వణకడానికి అదే మూలం.

అసలు జాగ్రత్త వేరేచోట ఉంది. ప్లేటు ఆనే ముఖం, కవరు బోల్టులు బిగించే ముఖం ఒకే మట్టంలో ఉంటే సమస్య లేదు, రెండూ కలిపే తీస్తారు. రెండింటి మధ్య మెట్టు ఉన్న ఫ్లైవీల్ అయితే, లోపలి ముఖం నుంచి 0.5 మి.మీ. తీస్తే బయటి ముఖం నుంచి కూడా 0.5 మి.మీ. తీయాలి. లోపలిది ఒక్కటే తీస్తే కవరు స్ప్రింగు కుదురు మారిపోయి నొక్కే బలం తేడా వస్తుంది, కొత్త సెట్ వేసిన మర్నాడే జారుతుంది. లేత్‌కు ఇచ్చేముందు మెట్టు ఎంతుందో డెప్త్ గేజ్‌తో కొలిచి చాక్‌పీస్‌తో ఫ్లైవీల్ మీదే రాసి ఇవ్వు. తెచ్చుకున్నాక మళ్లీ కొలువు.

ప్రశ్న: నా అంబాసిడర్‌లో ఐసుజు ఇంజన్, హైడ్రాలిక్ క్లచ్. పొద్దున్న బాగుంటుంది. స్టీల్ ప్లాంట్ నుంచి జగదాంబ దాకా ట్రాఫిక్‌లో వచ్చేసరికి జారడం మొదలవుతుంది. గంట ఆపితే మళ్లీ మామూలే. ప్లేటు కొత్తదే.
— ఒక పాఠకుడు, కూర్మన్నపాలెం

జవాబు: చల్లబడితే బాగవుతోందంటే ప్లేటు జోలికి వెళ్లకండి. మాస్టర్ సిలిండర్‌లో ఒక సన్నని రంధ్రం ఉంటుంది. పెడల్ వదిలినప్పుడు లైనులో మిగిలిన ఫ్లూయిడ్ దాని ద్వారానే వెనక్కి డబ్బాలోకి పోతుంది. అది మూసుకుంటే వేడికి వ్యాకోచించిన ఫ్లూయిడ్ పోయే దారి లేక స్లేవ్ సిలిండర్‌ను (క్లచ్ లివర్‌ను నొక్కే చిన్న సిలిండర్) తోస్తూనే ఉంటుంది. కాలు పెట్టకుండానే పెడల్ తొక్కినట్టు అవుతుంది.

పరీక్ష తేలిక. జారుతున్నప్పుడే బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజన్ ఆర్పి స్లేవ్ సిలిండర్ బ్లీడ్ నిపుల్ పావు చుట్టు తిప్పండి. ఫ్లూయిడ్ చిమ్మితే, నిపుల్ బిగించాక బండి జారకుండా నడిస్తే రోగం తేలిపోయినట్టే. అప్పుడు పుష్ రాడ్‌కూ పిస్టన్‌కూ మధ్య 1 మి.మీ. ఖాళీ ఉందో లేదో చూడండి. పెడల్ పైకి రాకుండా మందపాటి మ్యాట్ అడ్డుపడినా ఆ ఖాళీ పోతుంది. ఖాళీ ఉండి కూడా ఒత్తిడి నిలిస్తే లోపలి రబ్బరు వాషరు ఉబ్బింది. ఎవరో బ్రేక్ ఫ్లూయిడ్ బదులు ఇంకేదో ఆయిల్ పోసి ఉంటారు. అలాంటప్పుడు రెండు సిలిండర్ల రబ్బర్లూ, హోస్ పైపూ మార్చి, లైను కడిగి డాట్ 3 ఫ్లూయిడ్ పోయాలి. ఆ ఫ్లూయిడ్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది, విశాఖ గాలిలో తేమకు కొదవ లేదు. రెండేళ్లకోసారి మార్చండి.

ప్రశ్న: భీమిలిలో ఇంటి దగ్గర మారుతి 800 నాలుగు నెలలు కదపకుండా ఉంచాం. ఇప్పుడు ఇంజన్ స్టార్టవుతోంది గానీ క్లచ్ తొక్కినా గేరు పడటం లేదు, కరకరమంటోంది.
— ఒక పాఠకురాలు

జవాబు: ఇది జారడానికి పూర్తిగా వ్యతిరేకం. తుప్పుతో ప్లేటు ఫ్లైవీల్‌కు అంటుకుపోయిందమ్మా. ముందు కేబుల్ తెగలేదనీ, పెడల్ తొక్కితే కింద లివర్ కదులుతోందనీ చూసుకోండి. లివర్ కదులుతుంటే పెడల్ తొక్కి, సీటుకూ పెడల్‌కూ మధ్య కర్ర బిగించి రాత్రంతా వదిలేయండి. చాలాసార్లు అంతటితోనే విడుతుంది. విడకపోతే నడపడం బాగా వచ్చినవాళ్లు ఖాళీ మైదానంలో, ఎదుట 100 మీటర్లు ఏమీ లేకుండా చూసుకుని ఇంజన్ వేడెక్కించి ఆపాలి. రెండో గేరు వేసి, పెడల్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే బండి కదిలిపోతుంది. అప్పుడు పెడల్ వదలకుండా యాక్సిలరేటర్ ఒకసారి ఇచ్చి ఒకసారి వదులుతుంటే ప్లేటు పట్టు వదులుతుంది. ఇరుకు సందులో, గోడ ఎదుట ఈ పని చేయొద్దు. ఇకమీదట బండి నిలిపినా వారానికోసారి స్టార్ట్ చేసి ఇంటి ముందే ముందుకూ వెనక్కూ కదపండి.

ప్రశ్న: ఇంజన్ మార్చాను, ఆర్‌సీలో పాత నంబరే ఉంది. పదిహేనేళ్లు నిండబోతున్నాయి. ఏమవుతుంది?
— పెందుర్తి

జవాబు: రిజిస్ట్రేషన్ పొడిగింపుకు వెళ్లినప్పుడు ఇంజన్ నంబరు సరిచూస్తారు, తేడా ఉంటే పని అక్కడే ఆగుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం మార్పుకు ముందే రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి, మార్పు చేశాక 14 రోజుల్లో తెలియజేసి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. ఇంజన్ కొన్న బిల్లు, అది వచ్చిన పాత బండి కాగితాలు దగ్గర పెట్టుకుని ఆఫీసులో అడగండి. ఈలోగా ప్రమాదమేదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా చిక్కే, అందుకని పదిహేనేళ్లు నిండేదాకా ఆగకండి.